బ్లైండ్ వాళ్ళకి స్పెషల్ ల్యాప్‌టాప్ అంటున్నారా? బిల్లు చదివించుకోకుండా చెయ్యి పెట్టకండి

పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. మన వాట్సాప్ గ్రూపులన్నిటిలో వారం వారం వాయిస్ మెసేజ్ వదులుతాడే, "స్క్రీన్ రీడర్ రెడీ ల్యాప్‌టాప్, మీ వాళ్ళ కోసమే సార్, ఆన్ చేస్తే చాలు మాట్లాడేస్తుంది" అని తేనె పూసి మరీ చెబుతాడే, ఆయనే. ఎవరో మీకు అర్థమైపోయి ఉంటుంది. స్క్రీన్ రీడర్ అంటే తెర మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్.

సరుకు ఇదీ: రీఫర్బిష్డ్ ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, పైన "జాస్ లైఫ్‌టైమ్" (జాస్ అంటే డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్). మొత్తం 24,500. అందులో జాస్ వాటా 4,000 అట. ఆన్ చేశారు, మాట్లాడింది, డబ్బు కట్టేశాను. ఆఫీసులో పక్క సీటతను చూసి, "అన్నా, తెర మీద ఈ ఆకుపచ్చ గీతలేంటి, ఈ మూల నల్లగా పాకిందేంటి?" అనేదాకా డిస్‌ప్లే పోయిందన్న సంగతి తెలియలేదు. వేలితో తడిమితే నున్నగా ఉంది. ఎల్‌సీడీ ప్యానెల్ లోపల పగిలితే పైపొర చెక్కుచెదరదు, వేలికి ఏమీ తగలదు. వాళ్ళకి ఆ విషయం బాగా తెలుసు. తెలిసే పంపారు.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు యథాతథంగా ఇదీ: "సార్, మీకు ఎలాగూ కనపడదు కదా, స్క్రీన్‌తో మీకేం పని? మాట్లాడుతోందా లేదా, అది చెప్పండి."

కోప్పడి కూడా కాదు. చాలా మామూలుగా, లెక్కల మాస్టారు చిన్న పిల్లాడికి కూడిక చెప్పినట్టు, ఓపిగ్గా చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు. "అయితే స్క్రీన్ రేటు తగ్గించి ఉండాల్సింది కదా" అంటే, "స్పెషల్ మోడల్ సార్, మీ వాళ్ళకి ఇలాగే ఇస్తాం" అన్నాడు. అదీ స్పెషల్ అంటే! షాపులో ఇంకెవడూ కొనని పగిలిన ప్యానెళ్ళన్నీ ఏరి, వాటిలో స్క్రీన్ రీడర్ ఎక్కించి, చూపు లేనివాళ్ళకి మంచి ల్యాప్‌టాప్ ధరకే అంటగట్టడం. మామూలు కస్టమర్‌కి ఆ తెర చూపిస్తే గుమ్మం దాటకుండానే తిట్టి పోతాడు.

ఆయన మాటలో సగం నిజం లేకపోలేదు, అందుకే ఒళ్ళు మండేది. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌కి గానీ జాస్‌కి గానీ ప్యానెల్ బాగుండాల్సిన అవసరం లేదు. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్) ప్లస్ ఆర్ కొట్టి, బొమ్మలోని అక్షరాలు చదివించే ఓసీఆర్ కూడా గ్రాఫిక్స్ నుంచే చదువుతుంది, అద్దం నుంచి కాదు. స్క్రీన్ కర్టెన్ వేసి నల్ల తెరతో పని చేసేవాళ్ళం మనమే. కానీ విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్‌లో ఏ స్క్రీన్ రీడరూ పలకదు. బూట్ ఆగిపోయిన రోజు తెర మీద ఏం రాసి ఉందో పక్కవాళ్ళనే అడగాలి. సర్వీస్ సెంటర్ వాడికి తెర కావాలి, మీటింగులో షేర్ చేసేది సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పే సహోద్యోగికి తెర కావాలి, రేపు మళ్ళీ అమ్ముకుందామంటే కొనేవాడికి తెర కావాలి. అన్నిటికన్నా ముందు, కట్టిన 24,500లో తెర ఖరీదు కూడా ఉంది.

ఇక బిల్లు. డెలివరీ ఇచ్చేటప్పుడు "ఇక్కడ ఒక్క సంతకం సార్, మిషన్ అందిందని" అన్నారు. వేలు పట్టుకుని చోటు చూపించారు, ఎంత మర్యాదో! ఆ కాగితాన్ని తర్వాత ఫోన్‌తో స్కాన్ చేస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఏముందో తెలుసా? డిస్‌ప్లే లోపం కస్టమర్‌కు ముందే తెలియజేశామని, ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని, వాపసు లేదని. దాని కిందే సంతకం. పెట్టే ముందు కాగితం మీద కెమెరా పెట్టడానికి ఒక్క నిమిషం పట్టేది. ఫోన్ జేబులోనే ఉంది మరి, అలంకారానికి.

అచ్చు బిల్లయితే సీయింగ్ ఏఐ, లుకౌట్ అనే ఫోన్ యాప్‌లు రెండూ చదువుతాయి. కాగితాన్ని నల్లటి టేబుల్ మీదో బ్యాగు మీదో పరిచి, ఫోన్‌ని మధ్యలో ఆనించి, జానెడు పైకి మెల్లగా లేపండి. నాలుగు అంచులూ కెమెరాలో పడ్డాయో లేదో సీయింగ్ ఏఐ డాక్యుమెంట్ మోడ్ చెబుతుంది. చివరి వరస దాకా వినండి, మోసమంతా అక్కడే ఉంటుంది. చేత్తో రాసిన బిల్లు, అందులోనూ కార్బన్ కాపీ అయితే యాప్‌ని నమ్మకండి, అంకెలు తప్పు చదువుతుంది. బిల్లు పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపమనండి. పంపనన్నాడంటే ఎందుకో ఊహించుకోవచ్చు.

ఇంతటితో అయిపోలేదు. ఆ "లైఫ్‌టైమ్" జాస్ ఒక విండోస్ అప్‌డేట్ రాగానే 40 నిమిషాల మోడ్‌లోకి వెళ్ళిపోయింది. లైసెన్స్ లేని జాస్ అంతే. 40 నిమిషాలు పలికి ఆగిపోతుంది, మళ్ళీ కావాలంటే కంప్యూటర్ రీస్టార్ట్ చేయాల్సిందే. అంటే అది క్రాక్ కాపీ, లైసెన్స్ తాళం పగలగొట్టిన దొంగ కాపీ. అసలైనది కొంటే మీ పేరు మీద లైసెన్స్ ఉంటుంది, దానికి విడిగా బిల్లుంటుంది. ఇన్సర్ట్ ప్లస్ జె కొట్టి, హెల్ప్ మెనూలో అబౌట్‌లోకి వెళితే లైసెన్స్ వివరాలు వినపడతాయి. కొనే ముందే అక్కడికి వెళ్ళి వినండి.

క్రాక్ అయితే ఏమైంది, పనైతే జరుగుతోందిగా అనేవాళ్ళు మనలోనే ఉన్నారు. స్క్రీన్ రీడర్ మామూలు సాఫ్ట్‌వేర్ కాదు బాబూ. మీరు నొక్కే ప్రతి కీ ముందు దాని చేతికి వెళ్ళి, ఆ తర్వాతే విండోస్‌కి చేరుతుంది. తెర మీద వచ్చే ప్రతి అక్షరమూ, బ్యాంకు బ్యాలెన్సుతో సహా, దాని గుండానే పోతుంది. అలాంటి దాన్ని ఎవడో విప్పి మళ్ళీ కుట్టి ఇస్తే, పాస్‌వర్డ్ ఎవరి చేతిలో పెట్టినట్టు? విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, కింద ఎక్స్‌క్లూజన్స్ చూస్తే జాస్ ఫోల్డరే కాదు, సీ డ్రైవ్ మొత్తం మినహాయించి పెట్టాడు. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఉన్నా లేనట్టే. పైగా దూరం నుంచి మన మిషన్‌ని నడిపే ఎనీడెస్క్, దానికో పాస్‌వర్డ్. "సర్వీస్ కోసం సార్" అట. మన ఇంటి తాళంచెవి ఒకటి వాడి దగ్గర పెట్టుకోవడం సర్వీస్ ఎప్పుడైందో!

4,000 ఇవ్వాల్సిన పనే లేదు. ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ మొదలుపెట్టినప్పటి నుంచీ ఉచితమే, ఇప్పుడు ఎన్‌వీ యాక్సెస్ సంస్థ నడుపుతోంది. అందులోనే మాట పలికే ఈస్పీక్ ఎన్‌జీ ఉంటుంది, తెలుగు చదువుతుంది. గొంతు రోబోలా ఉంటుంది, ఒప్పుకుంటాను, రెండు రోజులు వింటే చెవి అలవాటు పడుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోవచ్చు: ఎన్‌వీడీఏ ప్లస్ ఎన్, టూల్స్, క్రియేట్ పోర్టబుల్ కాపీ. ఆ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని షాపుకి వెళ్ళండి. వాడు ఎక్కించిన దానితో కాకుండా మీదానితో వినండి. అదీ లేకపోతే కంట్రోల్, విండోస్, ఎంటర్ మూడూ కలిపి నొక్కితే విండోస్‌లోని నేరేటర్ పలుకుతుంది.

చూడాల్సినవి చాలా ఉన్నాయి, షాపువాడు పక్కనే నిలబడి తొందరపెడుతుంటాడు కాబట్టి ముఖ్యమైనవి ముందు చెబుతా. కీబోర్డ్ నుంచి మొదలెట్టండి. ఎన్‌వీడీఏ ప్లస్ 1 కొడితే ఇన్‌పుట్ హెల్ప్ వస్తుంది. ఇక ఏ కీ నొక్కినా పేరు చెబుతుందే తప్ప పని చేయదు. ఎడమ పై మూల నుంచి వరసగా అన్నీ నొక్కుతూ పోండి. పలకని కీ, రెండుసార్లు పలికే కీ తేలిపోతాయి. ఎఫ్, జె మీద గీతలు తగలాలి. తగలకపోతే పైన స్టిక్కర్ అంటించారని. విదేశాల నుంచి లాట్‌లో వచ్చిన మిషన్లకి ఇలా అమెరికా అక్షరాలు అంటిస్తారు. ఎడమ షిఫ్ట్ పొట్టిగా ఉండి పక్కన ఇంకో కీ తగిలితే అది చాలావరకు యూరప్ కీబోర్డే. ఇన్సర్ట్ కీ విడిగా లేని మోడళ్ళు బోలెడు. దానికి భయపడక్కర్లేదు, ఎన్‌వీడీఏ కీబోర్డ్ సెట్టింగ్స్‌లో క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా పెట్టుకుంటే సరిపోతుంది.

తర్వాత శబ్దం. మనకి అసలు డిస్‌ప్లే అదే. ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టి మెల్లగా తిప్పండి. కరకరమన్నా, ఒక చెవిలో ఆగి ఆగి వచ్చినా జాక్ వదులైంది. "బ్లూటూత్ వాడండి సార్" అంటాడు. బ్లూటూత్‌లో కీ నొక్కాక మాట ఆలస్యంగా వస్తుంది, వేగంగా టైప్ చేసేవాడికి అది నరకం. ప్రతి మాటలో మొదటి అక్షరం మింగేస్తుంటే మాత్రం మిషన్ పాడైందనుకోకండి. సౌండ్ చిప్ కరెంటు ఆదా చేసుకోవడానికి నిద్రపోయి, మాట మొదలయ్యాక లేస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపి, డ్రైవర్ మార్చి చూడండి.

బ్యాటరీకి: కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ (కలిపి) అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఒక వెబ్ పేజీ తయారవుతుంది. బ్రౌజర్‌లో తెరిచి, టి అక్షరంతో టేబుళ్ళ మీదుగా వెళ్ళి, డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పోల్చండి. డిజైన్ 50,000 ఉండి ఫుల్ ఛార్జ్ 30,000 వస్తే బ్యాటరీలో 60 శాతమే మిగిలింది, ఆ మేరకు బేరమాడండి.

విండోస్ అసలుదో కాదో తెలియాలంటే విండోస్ ప్లస్ ఆర్ కొట్టి ఎస్ ఎల్ ఎం జి ఆర్, స్పేస్, స్లాష్, ఎక్స్ పి ఆర్ అని టైప్ చేయండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని చెప్పాలి. ఫలానా తేదీకి ముగుస్తుంది అన్నదంటే చాలావరకు కంపెనీలకిచ్చే పద్ధతిలో దొంగగా చేసిన యాక్టివేషన్, 180 రోజుల గడువుది. అదే రన్ పెట్టెలో ఎం ఎస్ ఇన్ఫో 32 కొడితే ప్రాసెసర్ పేరు దొరుకుతుంది. ఐ5 తర్వాతి అంకె 2 నుంచి 7 వరకు ఏదైనా అయితే, అంటే 6300 లాంటిదైతే, విండోస్ 11కి అర్హత లేనిది. ఉన్నా దొడ్డిదారిన ఎక్కించినదే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు అయిపోయింది కాబట్టి దానితో సరిపెట్టుకోమంటే ఒప్పుకోకండి.

తెర ఎలా చూడాలంటారా? నోట్‌ప్యాడ్ తెరిచి పెద్దది చేస్తే తెరంతా తెల్లగా అవుతుంది. బీ మై ఐస్ యాప్‌లో చూపున్న వాలంటీర్‌కి వీడియో కాల్ చేసి, కెమెరా అడుగున్నర దూరంలో పట్టుకుని, గీతలు, మచ్చలు, నాలుగు మూలలు అని విడివిడిగా అడగండి. భాష తెలుగు పెట్టుకుంటే తెలుగువాళ్ళే తగులుతారు. ఫొటో తీసి ఏఐని అడగడం రెండో దారి. అది లైటు ప్రతిబింబాన్ని పగులు అంటుంది, ఒక్కోసారి పగులుని వాల్‌పేపర్ అంటుంది. అందుకే మనిషే నయం. షాపువాడిని మాత్రం అడగకండి!

ఇప్పటికే అలాంటి మిషన్ ఇంట్లో ఉంటే ఫైళ్ళు పక్కన పెట్టుకుని సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్, క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకోండి. 4 జీబీ పైనే దిగుతుంది, మొబైల్ డేటాతో పెట్టకండి. అయ్యాక మొదటి సెటప్‌లో కంట్రోల్ విండోస్ ఎంటర్ కొడితే నేరేటర్ దారి చూపిస్తుంది. క్రాక్, ఎనీడెస్క్, ఎక్స్‌క్లూజన్లు అన్నీ పోతాయి.

ఫిర్యాదు సంగతి: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించడం మొదటి మెట్టు. దానితో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, షాపున్న ఊరికి తిరగక్కర్లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. "ముందే చెప్పాం, సంతకం కూడా ఉంది" అని వాడు అడ్డం తిరుగుతాడు. దానికి విరుగుడు వాడి వాయిస్ మెసేజ్‌లే. "ఏ లోపమూ లేదు సార్, గ్యారంటీ" అన్నవి చాలామంది ఫోన్లలో ఉన్నాయి. వాట్సాప్ చాట్ తెరిచి, మోర్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్, ఇంక్లూడ్ మీడియా కొట్టి, మీ మెయిల్‌కే పంపుకోండి. గ్రూపులో వాడు "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" మొదలుపెట్టకముందే.