తూకం కరెక్టే, జోస్యమే తప్పు

గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. మా పెద్దమ్మాయికి 19 ఏళ్లు, పవర్‌లిఫ్టింగ్‌లో 63 కిలోల విభాగం. పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలుపెడతారు, గంటన్నరలో ముగించేస్తారు. 63 దాటితే ఆ విభాగంలో చోటు లేదు. 2024లో పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ రోజు పొద్దున రెజ్లర్ వినేశ్ ఫొగాట్ 100 గ్రాములు ఎక్కువ తూగి ఆగిపోవడం చూశాక మా ఇంట్లో టెన్షన్ ఇంకా పెరిగింది. అందుకే నాలుగు నెలల కింద ఆన్‌లైన్‌లో 1,699 రూపాయలు పెట్టి, ఫోన్‌కి కలుపుకునే ఈ గాజు పలక వెయింగ్ మెషిన్ తెప్పించాను.

తూకానికి వంక పెట్టను. వచ్చిన రోజే బియ్యం బస్తాతో పరీక్ష చేశాం. 26 కిలోల బస్తా. (25 దాకా జీఎస్టీ పడుతుందని 26 చేశారు, అదో కథ.) మా అమ్మాయి బస్తా చంకనేసుకుని ఎక్కితే 88.5, దించి ఎక్కితే 62.4. తేడా 26.1, ఖాళీ సంచి బరువు ఉంటుంది కదా. వంటింట్లో పాత నాపరాళ్ల మీద పెడితే మాత్రం ఎక్కినప్పుడల్లా ఒక అంకె. హాల్లో టైల్స్ మీదే పెట్టుకోండి.

గొడవంతా ఫోన్‌లో దీని యాప్‌తోనే. ఎత్తు 155 సెంటీమీటర్లు అని కొట్టగానే ‘ఐడియల్ వెయిట్ 52.9’ అని చూపించి, కింద ఎర్రరంగులో ‘అధిక బరువు’ అని రాసింది. లెక్క పెద్దదేం కాదు. బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తారు. మా అమ్మాయికి 26 వచ్చింది, మన దేశంలో 23 దాటితే ఎక్కువంటారు. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది ఆ లెక్కకి తెలియదు.

పిల్ల ఏమీ అనలేదు. ఆ రాత్రి నుంచి పెరుగన్నం మానేసింది. ఆకలి లేదమ్మా అంటే నమ్మాను, నాదే తప్పు. మూడు వారాల్లో 59.1కి వచ్చింది. డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బరువుని పట్టుకుని నిటారుగా నిలబడడంలో, 130 కిలోలు అవలీలగా లేపేది, 117.5 దగ్గర చేతులెత్తేసింది. కోచ్ సార్ నాకు ఫోన్ చేసి, “ఏమ్మా, పిల్ల అన్నం తింటోందా?” అని అడిగితే అప్పుడు బయటపడింది.

నాకు టేపు నమ్మకం. పిల్ల పవర్‌లిఫ్టింగ్‌లో చేరి రెండేళ్లు. తొడ కొలత 21 అంగుళాల నుంచి 23న్నరకి వచ్చింది, నడుము అప్పుడూ 28, ఇప్పుడూ 28. దాని ప్యాంట్లకి తొడల దగ్గర రెండుసార్లు కుట్లు విప్పి వదులు చేశాను, నడుం పట్టీ ఒక్కసారీ ముట్టుకోలేదు. కొవ్వయితే ముందు హుక్కు దగ్గరే తెలిసేది.

ఈ మెషిన్ కొవ్వు శాతం కూడా చెబుతుంది. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చిన్న కరెంటు పంపి లెక్క కడుతుందట. ఒంట్లో నీరు కరెంటుని పోనిస్తుంది, కొవ్వు అడ్డుకుంటుంది. నీరు మారితే అంకె మారుతుంది. ఒకే రోజు పొద్దున 30.2, సాయంత్రం 27.6! సెట్టింగుల్లో ఎక్కడో అడుగున ‘అథ్లెట్’ అని ఉంది, అది నొక్కితే 23కి దిగింది. మనిషి అదే, పలక అదే. అమ్మినవాళ్లకి రాస్తే ‘మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని జవాబు.

కోచ్ సార్ పిల్లని కూర్చోబెట్టి వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి సంగతి చెప్పారు. 1994, 95లో ఆవిడ ప్రపంచ చాంపియన్ అయింది 54 కిలోల విభాగంలో. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది 69 కిలోల విభాగంలో. మా అమ్మాయి ఇంటికొచ్చి ఆ మాట నాకు చెబుతూనే పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.

ఇప్పుడు యాప్ తీసేశాం. పలక మీద వచ్చే అంకె ఒక్కటే చూస్తాం, అదీ పొద్దున్నే, వారానికి రెండుసార్లు. నాలుగు నెలలైనా సెల్స్ మార్చలేదు. తూకానికి నాలుగు స్టార్లు, యాప్‌కి ఒక్కటి, అదీ వేయకపోతే ఒప్పుకోదు కాబట్టి.

మొన్న శనివారం 132.5 లేపింది, బరువు 62.1. నిన్న నల్ల ట్రాక్ ప్యాంటు తెచ్చి పడేసింది, మళ్లీ తొడల దగ్గర పట్టేస్తోందట.