పేజీ మొత్తం మళ్లీ తేవాలా, మారిన ముక్క తెస్తే చాలా?

రొయ్యల రేట్ల పేజీ ఒకటి చేసిపెట్టమని విడవలూరు వైపు వ్యాపారి ఒకాయన అడిగారు. 30 కౌంట్, 50 కౌంట్, 100 కౌంట్, అంటే కిలోకి ఎన్ని తూగితే అంత. కౌంట్ నొక్కగానే ఆరోజు రేటు కనబడాలి. నొక్కే రైతు ఉండేదేమో గుంట గట్టు మీద, సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప.

పాత పద్ధతిలో నొక్కిన ప్రతిసారీ సర్వర్ నుంచి పేజీ మొత్తం మళ్లీ వస్తుంది. తెర తెల్లబడుతుంది, చిరాకే. కానీ ఎంత డొక్కు ఫోన్లోనైనా పని జరిగిపోతుంది, అందుకే దాన్ని తీసిపారేయను.

2013లో వచ్చిన రియాక్ట్ లాంటి రెడీమేడ్ కోడ్ మూటలు (లైబ్రరీలు) పెడితే పేజీని ఫోనే అల్లుకుంటుంది. ఒకసారి దిగాక టకటకా మారుతుంది. దిగాలి కదా! కుదించాక కూడా 40 కేబీ దాటుతుంది, మన కోడ్ దానికి అదనం. నాలుగు బటన్ల పేజీకి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

నేను పెట్టింది మధ్యదారి. పేజీ సర్వర్లోనే తయారై వస్తుంది, నొక్కితే రేటు ముక్క ఒక్కటే ఫెచ్‌తో (పేజీ మార్చకుండా సర్వర్ని అడిగే బ్రౌజర్ కమాండ్) తెచ్చి అతికిస్తాం. కిటుకు పాతదే: 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో వచ్చింది, ఏజాక్స్ అన్న పేరు 2005లో పడింది. బటన్లు మామూలు ఫారంలో ఉంచితే ఆ ముక్క తెచ్చే స్క్రిప్ట్ దిగకపోయినా పాత పద్ధతిలో రేటు వస్తుంది.

ఊరు వెతికే పెట్టె దగ్గర మాత్రం బోల్తాపడ్డా. ‘ఇందుకూరుపేట’ కొడుతుంటే అక్షరానికో రిక్వెస్ట్ పోయింది. మొదటి ‘ఇ’కి జవాబు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చి అసలు జవాబును కప్పేసింది. పెట్టెలో ఇందుకూరుపేట, కింద ఇసకపల్లి! వేళ్లు ఆగాక 300 మిల్లీసెకన్లు చూసి అడిగేలా మార్చా. సిగ్నల్ నీరసంగా ఉంటే అదీ చాల్లేదు. కొత్తది అడిగేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో (పంపిన రిక్వెస్ట్‌ని మధ్యలో ఆపే బ్రౌజర్ పనిముట్టు) రద్దు చేశాకే కుదుటపడింది.

ఇంకోటి, నొక్కిన బటన్ రంగు సర్వర్ కోసం కాచుకోకూడదు. గూగుల్ 2024 మార్చిలో వెబ్ పేజీల ముఖ్య కొలతల్లో చేర్చిన ఐఎన్‌పీ (నొక్కాక తెర మారడానికి పట్టే సమయం) లెక్కన 200 మిల్లీసెకన్లలోపు తెర స్పందిస్తేనే బాగున్నట్టు. లేదంటే రైతు అదే బటన్‌ని మూడుసార్లు పొడుస్తాడు.

అదే వ్యాపారి రేపు పది గుంటల మేత లెక్కలు ఆఫీసు కంప్యూటర్లో పొద్దస్తమానం తెరిచి దిద్దుకుంటానంటే, దానికి రియాక్టే పెడతా.