గుండె ఆపరేషన్ అయిన పిల్లలకు పన్ను తీయించాలంటే

మా బాబుకు ఆరేళ్లు. రెండేళ్లప్పుడు ఆరోగ్యశ్రీలో గుండె రంధ్రానికి ఆపరేషన్ చేయించాం, ప్యాచ్ వేశారు గానీ దాని పక్కన చిన్న లీకు ఇంకా ఉంది. ఇప్పుడు కింది దవడ పాల పన్ను పుచ్చిపోయింది, పీకాలన్నారు. ఈ పళ్ల క్లినిక్‌లో తీయించాం, అందుకే ఈ రివ్యూ. పన్ను పీకినప్పుడు నోట్లోని బ్యాక్టీరియా రక్తంలోకి పోతుంది, మామూలు పిల్లల్లో అది కాసేపటికి పోతుంది గానీ మావాడిలాంటి వాళ్లలో ప్యాచ్ దగ్గర తిష్ఠ వేస్తే ఎండోకార్డైటిస్, అంటే గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చి, ప్రాణాల మీదికి రావచ్చు.

ముందు ఇంకో క్లినిక్‌కి వెళ్లాం, పేరెందుకులెండి. సగం విని, పీకాక మొదలుపెట్టమని ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసిచ్చారు. గుండె డాక్టర్ గారికి ఫోన్ చేస్తే 'కాదమ్మా, ముందే ఒక్క డోసు వేయాలి' అన్నారు.

ఇక్కడైతే అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసినప్పుడే రిసెప్షన్ అమ్మాయి బాబు బరువెంత, పెన్సిలిన్ పడుతుందా, గుండె డాక్టర్ చీటీ ఉందా అని అడిగింది. సగం టెన్షన్ అక్కడే దిగింది. ముందు వేయాల్సిన యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ కిలోకు 50 మిల్లీగ్రాములట, మావాడు 18 కిలోలు కాబట్టి 900, అంటే 5 ఎం.ఎల్‌.కి 250 ఉండే సిరప్ 18 ఎం.ఎల్. నర్సు సూది లేని సిరంజితో ఒకసారి పది, ఇంకోసారి ఎనిమిది పట్టించి, చీటీ మీద 10:40 అని టైము వేసింది. పన్ను తీసే ముందు 30 నుంచి 60 నిమిషాల మధ్య ఇవ్వాలి కదా, లోపల ఇంకో పాప ఏడుపుతో ఆలస్యమవుతుంటే ఆమే రెండుసార్లు వచ్చి గడియారం చూసుకుని 11:25కి మమ్మల్ని లోపలికి పంపింది.

డాక్టరమ్మ ఓపిక మెచ్చుకోవాలి. ఎక్స్‌రేకి, దానంతటదే ఊడే పంటికి డోసు అక్కర్లేదట. రంధ్రం లీకు లేకుండా మూసుకుపోయి ఆరు నెలలు దాటిన పిల్లలకూ సాధారణంగా వద్దట. చిగుళ్లు పాడైతే రోజూ తోముకున్నా, నమిలినా బ్యాక్టీరియా లోపలికి పోతూనే ఉంటుంది కాబట్టి అసలు జాగ్రత్త అక్కడే అని, బఠానీ గింజంత పేస్టుతో మావాడి చేతే తోమించి చూపించారు. తర్వాత జ్వరం వస్తే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసేయకుండా గుండె డాక్టర్‌కి చూపించమన్నారు, మందు వేసే ముందే రక్తం కల్చర్‌కి (అందులో బ్యాక్టీరియా ఉందేమో చూసే పరీక్షకు) తీయాలట.

పార్కింగ్ మాత్రం ఘోరం, బండి వీధి చివర పెట్టి నడవాలి. ఫీజూ కాస్త ఎక్కువే. ఒక స్టార్ అందుకే తగ్గించా.