ఖాళీ స్టేడియంలో ఆటా, సగటు లెక్కతో తీర్పా, మొత్తం రద్దా: 2020లో ఫుట్‌బాల్ అభిమానికి ఏది మేలు?

2020 మార్చి 12 రాత్రి ఆర్సెనల్ కోచ్ మికెల్ అర్టెటాకు కరోనా ఉన్నట్టు తేలింది. మర్నాడు ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆగిపోయింది. అప్పటికి అక్కడి అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో 92 మ్యాచ్‌లు మిగిలే ఉన్నాయి. లివర్‌పూల్ 29 మ్యాచ్‌ల్లో 82 పాయింట్లు సాధించి, రెండో స్థానంలో ఉన్న మాంచెస్టర్ సిటీ కన్నా 25 పాయింట్లు ముందుంది. 1990 తర్వాత మొదటి లీగ్ టైటిల్ రావడానికి ఇంకో రెండు గెలుపులు చాలు.

మిగిలిన సీజన్‌ను ఏం చేయాలన్నదానికి దారులు మూడే. ప్రేక్షకులు లేకుండా ఖాళీ స్టేడియాల్లో ఆడించి ముగించడం ఒకటి. అక్కడితో ఆపేసి, మ్యాచ్‌కు సగటున ఎన్ని పాయింట్లు వచ్చాయో లెక్కగట్టి పట్టిక తేల్చడం రెండోది. అసలు ఆ సీజనే జరగలేదనుకుని ఫలితాలన్నీ కొట్టేయడం మూడోది. ఇంగ్లండ్‌లో లీగ్‌లు ఒకదాని కింద ఒకటి స్థాయిలుగా ఉంటాయి, ఏటా బాగా ఆడిన జట్లు పై స్థాయికి, అడుగున మిగిలినవి కింది స్థాయికి వెళ్తాయి. అక్కడ ఒక్కో స్థాయిలో ఒక్కోటి చొప్పున ఈ మూడూ ఒకే ఏడాది అమలయ్యాయి. వీటిని పక్కపక్కన పెట్టి చూడాలంటే అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నేను లివర్‌పూల్ అభిమానిని కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను.

అయితే ఈ మూడింటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. జనం చనిపోతుంటే ఆట గురించి మాట్లాడవచ్చా? ఆ వసంతంలో చాలామంది అభిమానుల మనసు ఇక్కడే రెండుగా చీలిపోయింది. ఫిబ్రవరి 19న మిలాన్‌లో అటలాంటా, వాలెన్సియా మ్యాచ్ చూడటానికి బెర్గామో నుంచి వేలమంది తరలివెళ్లారు. కొన్ని వారాలకే ఇటలీలో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్న ఊళ్లలో బెర్గామో ఒకటైంది. వైరస్ వ్యాపించడానికి ఆ మ్యాచ్ కూడా ఒక కారణమని తర్వాత వైద్యులు, ఆ ఊరి మేయర్ అన్నారు. మార్చి 11న లివర్‌పూల్, అట్లెటికో మాడ్రిడ్ మ్యాచ్‌కు లివర్‌పూల్ సొంత స్టేడియం యాన్‌ఫీల్డ్‌లో దాదాపు 52 వేలమంది కూర్చున్నారు. వారిలో మాడ్రిడ్ నుంచి వచ్చినవాళ్లే సుమారు 3 వేలమంది. అప్పటికే స్పెయిన్‌లో మ్యాచ్‌లకు ప్రేక్షకులను రానివ్వడం లేదు. తమ సొంత స్టేడియంలోకి అడుగుపెట్టలేని వాళ్లు విమానమెక్కి ఇంగ్లండ్ వచ్చి స్టాండ్‌లో కూర్చోగలిగారు. ఆ రాత్రి మా జట్టు ఓడి ఛాంపియన్స్ లీగ్ నుంచి బయటపడింది. ఇప్పుడు ఆ మ్యాచ్ అంటే నాకు స్కోరు గుర్తుకు రాదు, ఆ కిక్కిరిసిన స్టాండ్లే గుర్తుకొస్తాయి.

కాబట్టి జనంతో నిండిన స్టేడియం అన్న మాటే లేదు. మిగిలినవి పైన చెప్పిన మూడే.

మూడోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే దాని మీద నాకు ఏ సందేహమూ లేదు. అది తప్పు. మార్చి 26న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఐదు, ఆరు స్థాయిలైన నేషనల్ లీగ్‌కు కిందనున్న స్థాయిల్లో సీజన్‌ను పూర్తిగా రద్దు చేసింది. పదో స్థాయి లీగ్‌లో ఆడుతున్న జెర్సీ బుల్స్ జట్టు అప్పటికి 27 మ్యాచ్‌లాడి ఇరవై ఏడూ గెలిచింది. పై డివిజన్‌కు వెళ్లడం ఖాయమైపోయింది కూడా. ఒక్క ప్రకటనతో ఆ గెలుపులన్నీ చెరిగిపోయాయి. ఏడో స్థాయిలో సౌత్ షీల్డ్స్ 12 పాయింట్ల ఆధిక్యంతో పైన ఉండి కూడా అక్కడే మిగిలిపోయింది. ఆ క్లబ్బుల్లో కోట్లు తీసుకునే ఆటగాళ్లు ఉండరు. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్లు, టీ కౌంటర్ దగ్గర జీతం లేకుండా నిలబడేవాళ్లు, వానలో రెండువందల మంది అభిమానులు, అంతే. వాళ్ల ఏడాది కష్టాన్ని నోటికాడికి వచ్చిన ముద్దలా లాగేసుకున్నారు. రద్దు చేస్తే ఎవరికీ అన్యాయం జరగదని కొందరు వాదించారు. గెలిచినవాడి గెలుపు తీసేసి, ఓడినవాడి ఓటమిని కూడా మాఫీ చేస్తే న్యాయం ఎలా అవుతుంది?

నెదర్లాండ్స్‌లో దీనికి దగ్గరిదే చేశారు. ఏప్రిల్ 24న లీగ్ ఆపేసి, 56 పాయింట్లతో సమానంగా ఉన్న అయాక్స్, ఏజెడ్ జట్లలో ఎవరినీ ఛాంపియన్‌గా ప్రకటించలేదు. ప్రమోషన్లూ లేవు. రెండో డివిజన్‌లో అగ్రస్థానంలో ఉన్న కాంబూర్ జట్టు అక్కడే ఉండిపోయింది.

సగటు లెక్క దీనికన్నా మెరుగు. కనీసం ఆడిన ఆటకు విలువ ఉంటుంది. కానీ దగ్గర్నుంచి చూస్తే అందులో మెలికలు చాలా ఉన్నాయి. ఇంగ్లండ్ మూడో స్థాయి లీగ్ వన్‌లో క్లబ్బులు జూన్ 9న ఓటేసి ఆటను అక్కడితో ముగించాయి. పీటర్‌బరో ఆరో స్థానంలో, అంటే ప్లేఆఫ్ (పై స్థాయికి వెళ్లే చివరి చోటు కోసం ఆడే మ్యాచ్‌లు) ఆడే చోట ఉంది. వికమ్ వాండరర్స్ ఎనిమిదో స్థానంలో ఉంది. ఇద్దరికీ పాయింట్లు సమానమే, 59. కాకపోతే వికమ్ ఒక మ్యాచ్ తక్కువ ఆడింది. సగటు లెక్కగట్టేసరికి వికమ్ మూడో స్థానానికి ఎక్కింది, పీటర్‌బరో ఏడుకు జారి ప్లేఆఫ్‌కు దూరమైంది. మధ్యలో ఇద్దరూ బంతిని తాకిందే లేదు. ట్రాన్‌మియర్ రోవర్స్ పరిస్థితి ఇంకా బాధాకరం. వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి ఊపు మీదున్న జట్టు అది. గట్టెక్కడానికి మూడు పాయింట్ల దూరంలోనే ఉంది, చేతిలో ఒక మ్యాచ్ ఎక్కువ కూడా ఉంది. ఓటు పడగానే నాలుగో స్థాయికి దించేశారు. మైదానంలో ఓడి కింద పడితే అభిమాని ఏడ్చి, ఆటగాళ్లను తిట్టుకుని, మళ్లీ ఆగస్టులో టికెట్ కొంటాడు. కాగితం మీద పడిపోయినప్పుడు ఎవరిని తిట్టాలి?

వికమ్ కథకు ఇంకో మలుపు ఉంది. ఆ జట్టు ప్లేఆఫ్‌లు మాత్రం నిజంగానే ఆడింది. జూలై 13న ఖాళీ వెంబ్లీలో ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్‌ను 2-1తో ఓడించి, చరిత్రలో మొదటిసారి రెండో స్థాయికి చేరింది. అంతటి సంబరం ఇంట్లో టీవీ ముందే జరుపుకోవాల్సి వచ్చింది. తర్వాతి సీజనంతా దాదాపు ఖాళీ స్టేడియాల్లోనే గడిచింది, చివరికి ఒక్క పాయింటు తేడాతో జట్టు మళ్లీ కిందికి వచ్చేసింది. ఆ ఊరి అభిమానుల్లో చాలామంది తమ జట్టు గొప్ప ఏడాదిని కళ్లారా చూడనే లేదు. ఇది తలుచుకుంటే, సగటు లెక్క వల్ల లాభపడినవాళ్లకు కూడా పూర్తి సంతోషం దక్కలేదనిపిస్తుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించేది మహిళల లీగ్ విషయం. మే 25న ఉమెన్స్ సూపర్ లీగ్‌ను ఆపేశారు. జూన్ 5న సగటు లెక్కగట్టి, ఒక మ్యాచ్ తక్కువ ఆడి ఒక పాయింటు వెనక ఉన్న చెల్సీకి టైటిల్ ఇచ్చారు, ముందున్న మాంచెస్టర్ సిటీ రెండో స్థానంలోకి వెళ్లింది. అట్టడుగున ఉన్న లివర్‌పూల్ మహిళల జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. పై జట్టుతో తేడా ఒక్క పాయింటే, ఇంకా 8 మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయి. అదే క్లబ్బు పురుషుల జట్టు మరో రెండు వారాలకు మైదానంలోకి దిగింది. వైరస్ ఒకటే, దేశం ఒకటే. తేడా అంతా టీవీ డబ్బులోనే ఉంది. పురుషుల సీజన్ పూర్తవకపోతే ప్రసార సంస్థలకు 76 కోట్ల పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాల్సి వస్తుందని అప్పట్లో అంచనా వేశారు. మహిళల లీగ్‌కు ఆ స్థాయి ఒప్పందాలు లేవు, కాబట్టి పరీక్షలకూ ఏర్పాట్లకూ డబ్బు లేదన్నారు.

ఇప్పుడు ఖాళీ స్టేడియంలో ఆట సంగతి. పెద్ద లీగ్‌లలో ముందుగా మొదలుపెట్టింది జర్మనీ. మే 16న డోర్ట్‌మండ్, షాల్కే డెర్బీ, అంటే ఇరుగుపొరుగు జట్ల పోరు. మామూలు రోజుల్లో 80 వేలమంది అరుపులతో ఊగిపోయే స్టేడియంలో ఆటగాళ్ల కేకలు, బంతి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గోల్ కొట్టి మోచేతులు తాకించుకున్నారు. ఆ వారాంతంలో 9 మ్యాచ్‌లు జరిగితే సొంత స్టేడియంలో గెలిచిన జట్టు డోర్ట్‌మండ్ ఒక్కటే. స్టాండ్లలో ఉండేవాళ్లు ఆటలో భాగం కాదని ఇంకెవరైనా అంటే ఆ వారాంతం ఫలితాలు చూపించొచ్చు. మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్‌లో అభిమానులు తలా 19 యూరోలు కట్టి, తమ ఫోటోలున్న అట్టబొమ్మలను సీట్లలో పెట్టించుకున్నారు. కొందరికది వెక్కిరింతలా తోచింది. నాకు మాత్రం అది ప్రేమగానే కనిపించింది.

కానీ జర్మనీలోని గట్టి అభిమాన సంఘాలు మాత్రం ఈ పునఃప్రారంభాన్ని బహిరంగంగా వ్యతిరేకించాయి. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు అల్లాడుతుంటే ఫుట్‌బాల్‌కు ప్రత్యేక హక్కులేంటని వాళ్లడిగారు. ఆటగాళ్లకు వారానికి రెండు పరీక్షలు దొరుకుతున్నప్పుడు ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. పైగా ఆడించడం అందరికీ ఒకేలా న్యాయంగా లేదు. రెండో డివిజన్‌లోని డైనమో డ్రెస్డెన్‌లో ఇద్దరికి కరోనా తేలితే జట్టు మొత్తాన్ని 14 రోజులు క్వారంటైన్‌లో పెట్టారు. మిగతావాళ్లు ఆడుతుంటే వీళ్లు ఇళ్లలో కూర్చున్నారు. తర్వాత కొద్ది రోజుల తేడాతో మ్యాచ్ మీద మ్యాచ్ ఆడి, చివరికి మూడో డివిజన్‌కు పడిపోయారు.

ఇంగ్లండ్‌లో జూన్ 17న మొదలైంది. అప్పటికి బ్రిటన్‌లో మరణాలు 40 వేలు దాటాయి. శ్వాస సమస్య ఉన్న పసిబిడ్డ ఇంట్లో ఉన్నాడని వాట్‌ఫర్డ్ కెప్టెన్ ట్రాయ్ డీనీ మొదట ప్రాక్టీసుకు రానన్నాడు. అలా చెప్పినందుకు అతన్ని తిట్టినవాళ్లూ ఉన్నారు. ఆ తిట్లు చదివినప్పుడు అభిమానిగా సిగ్గేసింది.

మొదటి మ్యాచ్‌లోనే, బంతి గోల్ గీత దాటితే రిఫరీ వాచీకి సంకేతం పంపే గోల్‌లైన్ టెక్నాలజీ విఫలమైంది. ఆస్టన్ విల్లా గోల్‌కీపర్ బంతితో సహా గీత దాటినా రిఫరీ వాచీ మోగలేదు, షెఫీల్డ్ యునైటెడ్‌కు గోల్ రాలేదు, మ్యాచ్ 0-0తో ముగిసింది. సీజన్ చివర్లో విల్లా ఒక్క పాయింటుతో బయటపడింది. మార్చిలో సగటు లెక్క వేసి ఉంటే కింద పడేది విల్లానే. ఆడినందువల్ల విల్లా నిలిచింది, వాట్‌ఫర్డ్ పడిపోయింది. ఆటలోనూ అన్యాయం జరుగుతుందని ఇది చూపిస్తుంది. అయినా ఆ పొరపాటు తర్వాత ప్రతి జట్టుకూ ఇంకా చాలా మ్యాచ్‌లు, సరిదిద్దుకునే అవకాశం ఉన్నాయి. ట్రాన్‌మియర్‌కు అదే దొరకలేదు.

లివర్‌పూల్ టైటిల్ జూన్ 25 రాత్రి ఖాయమైంది, అదీ మా జట్టు ఆడని మ్యాచ్‌లో, చెల్సీ 2-1తో సిటీని ఓడించడం వల్ల. మన దగ్గర అప్పటికి అర్ధరాత్రి దాటింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి చూసే మాకు స్టేడియం ఎప్పుడూ టీవీలోనే కాబట్టి పెద్ద తేడా ఉండదనుకుంటారు. ఉంది. రికార్డు చేసిన జనం గోలను ప్రసారానికి కలిపారు, అది గోల్ పడిన క్షణానికి ఎప్పుడూ కాస్త వెనకే ఉండేది. అక్కడ ముప్పై ఏళ్లు ఎదురుచూసినవాళ్లు ఆగలేక యాన్‌ఫీల్డ్ బయట గుమిగూడారు. దాన్ని నేను సమర్థించను, క్లబ్బు, మేయర్ కూడా తప్పుపట్టారు. కానీ వాళ్ల బాధ అర్థమవుతుంది.

మన హైదరాబాద్ ఎఫ్‌సీదీ ఇలాంటి కథే. 2020-21, 2021-22 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సీజన్లు పూర్తిగా గోవాలోనే నడిచాయి. 2022 మార్చి 20న మన జట్టు కప్పు గెలిచేనాటికి, గచ్చిబౌలి స్టేడియం రెండు సీజన్లుగా సొంత జట్టు మ్యాచ్ ఒక్కటి కూడా చూడలేదు. అయినా ఆ రెండు సీజన్లు రద్దు చేసి ఉంటే బాగుండేదని అనే హైదరాబాద్ అభిమాని ఒక్కరూ నాకు తగల్లేదు.

కాబట్టి నా లెక్క ఇది. ఆసుపత్రులకు చేరాల్సిన పరీక్షలను లాక్కోకుండా, రానన్న ఆటగాడిని బలవంతపెట్టకుండా నడపగలిగితే, ఖాళీ స్టేడియంలో ఆడటమే మేలు. జర్మనీకి మే నెల తొందరే అనిపిస్తుంది, ఇంగ్లండ్‌కు జూన్ మధ్య పర్వాలేదు. అది కుదరని చోట సగటు లెక్కతో పైకి పంపాల్సినవాళ్లను పంపొచ్చు, కానీ దాని ఆధారంగా ఎవరినీ కిందికి దించకూడదు. ఒక ఏడాదికి లీగ్‌లో రెండు జట్లు ఎక్కువైతే కొంపలేం మునగవు. రద్దు మాత్రం ఎక్కడా వద్దు. ప్రీమియర్ లీగ్ మిగుల్చుకున్న డబ్బులో కొంత మహిళల లీగ్ పరీక్షలకు ఇచ్చి ఉండాల్సింది, ఆ 8 మ్యాచ్‌లు జరిగి ఉండేవి.

చెరిగిపోయిన ఫలితాల్లో కొన్నింటిని తర్వాత పట్టించుకున్నారు. 2021లో ఫుట్‌బాల్ సంఘం రెండు సీజన్ల సగటు కలిపి లెక్కగట్టి జెర్సీ బుల్స్‌ను పై డివిజన్‌కు తీసుకుంది. సౌత్ షీల్డ్స్ మాత్రం 2023 దాకా ఆగి, మళ్లీ లీగ్ గెలుచుకుని పైకి వెళ్లింది.