ఉదయగిరి కొండకు పిల్లలు: స్మార్ట్‌ఫోనా, కీప్యాడ్ ఫోనా?

నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి కోట ఎక్కుతామని ఇంటర్ పిల్లలు బ్యాగులు సర్దడం మొదలెడితే ఇంట్లో వచ్చే మొదటి పేచీ ఫోను గురించే. కొండ 3,000 అడుగుల పైమాటే.

ఖర్చు: కీప్యాడ్ ఫోను రెండు వేల లోపే వస్తుంది. స్మార్ట్‌ఫోను బండ మీద పడితే స్క్రీన్‌కే అంతకు మించి వదులుతుంది.

ఛార్జింగ్: కీప్యాడ్‌కు రెండు రోజులు చూసుకోనక్కర్లేదు. స్మార్ట్‌ఫోను సిగ్నల్ అందనిచోట టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ తాగేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టమంటే వినేదెవరు? పవర్‌బ్యాంక్ ఇంకో పావుకిలో బరువు.

దారి: ఇక్కడ మాత్రం స్మార్ట్‌ఫోనే గెలుస్తుంది. నెల్లూరులో ఉండగానే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటే, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ మనం నిలబడ్డ చోటును నీలం చుక్కతో చూపిస్తుంది.

ప్రమాదం: ఏదో ఒక నెట్‌వర్క్ అందితే ఎమర్జెన్సీ నంబరు 112కి రెండింటి నుంచీ కాల్ వెళ్తుంది. కానీ రీల్ కోసం పాడుబడ్డ బురుజు అంచుకు వెనక్కి వెనక్కి నడిచే పిచ్చి కీప్యాడ్‌తో రాదు. నాకు అసలు టెన్షన్ అదే.

దారి తెలిసిన పెద్దలతో పొద్దున వెళ్లి సాయంత్రానికి దిగేదైతే కీప్యాడ్ చాలు. కొత్త దారి, రాత్రి బస అయితే గుంపుకొక స్మార్ట్‌ఫోను, అదీ పెద్దవాళ్ల జేబులో.