తాగేది ఆయన, థెరపీలో చేరింది నేను: రెండేళ్ల ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తర్వాత

ఇంట్లో ఒకరు తాగుతుంటే, వాళ్లు చికిత్సకు ఒప్పుకునేదాకా మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రెండేళ్లకు పైగా ఆన్‌లైన్ థెరపీ వాడాక నేను గట్టిగా చెప్పగలిగే మాట ఇదే. మా ఆయన మొదట్లో ససేమిరా అన్నారు. "నాకేమైనా పిచ్చా? కావాలంటే నువ్వు మాట్లాడుకో" అన్నారు. నిద్ర లేనిది నాకు, పని మీద మనసు నిలవనిది నాకు, సాయంత్రం అవుతుంటే టెన్షన్ మొదలయ్యేది నాకు. అందుకే నా కోసమే చేరాను.

వారానికో వీడియో సెషన్, ఇంచుమించు 50 నిమిషాలు. మధ్యలో మెసేజ్ పెట్టుకోవచ్చు, కానీ జవాబు వెంటనే రాదు. మొదట కేటాయించిన కౌన్సెలర్‌తో నాకు కుదరలేదు. ఏం చెప్పినా "కాస్త సర్దుకుపోవాలండీ" అనేవారు. మార్చమని అడిగితే మారు మాట లేకుండా మార్చారు. ఇక్కడ మొహమాటం అస్సలు పనికిరాదు. పద్ధతి ఎంత మంచిదైనా, చెప్పుకునే మనిషి మీద నమ్మకం కుదరకపోతే పని జరగదు.

రెండో ఆవిడ ముందుగా రెండు ఫారాలు నింపించారు: దిగులు గురించి పీహెచ్‌క్యూ-9, ఆందోళన గురించి జీఏడీ-7. గత 2 వారాల్లో ఎలా ఉందో ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా మార్కు వేయాలి. జీఏడీ-7లో మొత్తం 21 అయితే నాకు 17 వచ్చింది. ఆ తర్వాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ఆయన ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా అని. లేదన్నాను. అయినా హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నారు. ఆయన గదిలోకి వస్తే నేను ఏ మాట అనాలో, అది వినగానే తను ఆఫీసు విషయంలోకి ఎలా మారతారో ముందే అనుకున్నాం. ఆ జాగ్రత్త చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

ఆవిడ నాతో చేయించిన పద్ధతి పేరు క్రాఫ్ట్. తాగేవాళ్ల కోసం కాదు, వాళ్లతో బతికేవాళ్ల కోసం రాబర్ట్ మేయర్స్ రూపొందించినది. 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో 130 మంది కుటుంబసభ్యులకు మూడు రకాల సాయం అందించి చూశారు. క్రాఫ్ట్ నేర్చుకున్నవాళ్లలో 64 శాతం మంది తమవాళ్లను చికిత్సదాకా తీసుకురాగలిగారు. అందరూ కలిసి కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతం, తాగేవాళ్ల కుటుంబసభ్యులు కలుసుకుని ఒకరికొకరు తోడుండే అల్-అనాన్ సంఘం దారిలో నడిపించినప్పుడు 13 శాతం. అల్-అనాన్ ఉద్దేశమే వేరు, అక్కడ మన మనశ్శాంతి ముఖ్యం. కానీ మనిషిని చికిత్సకు తేవాలనుకునేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

పని ఎలా జరుగుతుందంటే, ఒక సాయంత్రాన్ని నిమిషం నిమిషం చెప్పించారు. తాళం తిరిగిన చప్పుడు, నేను ఆయన మొహంలోకి చూడటం, "మళ్లీ తాగారా?" అనడం, ఆయన గొంతు లేవడం. ఆవిడ అక్కడ ఆపారు. "జవాబు మీకు ముందే తెలుసు కదండీ. ఆ మాట వల్ల ఏం జరుగుతోంది?" ఏముంది, గొడవే. ఆ ఒక్క వాక్యం స్థానంలో ఇంకో వాక్యం పెట్టాం: "మీరు తాగని రోజు మీతో కూర్చుని మాట్లాడటం నాకు ఇష్టం. ఇప్పుడు నేను పడుకుంటాను, పొద్దున్నే మాట్లాడుకుందాం." ఆవిడ ఆయనలా మాట్లాడుతూ కవ్విస్తుంటే, గొంతులో ఎత్తిపొడుపు లేకుండా అనడం వచ్చేదాకా నాతో అనిపించారు. తాగని సాయంత్రాన్ని వృథా పోనివ్వకుండా పక్కన కూర్చోవడం, ఆయన లేవలేని రోజున ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పే బాధ్యత ఆయనకే వదిలేయడం తర్వాత వచ్చాయి. ఆ ఫోన్ చేయకుండా ఉండటమే అన్నిటికంటే కష్టం.

కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం ఆయనే అడిగారు, "ఆవిడ నా గురించి ఏమంటుంది?" అని. "మీరే మాట్లాడి చూడండి" అన్నాను. నా థెరపిస్టు ఆయన్ని తీసుకోలేదు, వేరే కౌన్సెలర్‌కు అప్పగించారు. అదీ మంచిదే. ఆ కౌన్సెలర్ చేసింది మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించిన పద్ధతి. ఉపన్యాసం వినాల్సి వస్తుందనుకున్న మనిషిని "మానడం మీకు ఎంత ముఖ్యం, 10కి ఎంత వేస్తారు?" అని అడిగారట. 4 అన్నారట. "మరి 2 ఎందుకు కాదు?" అన్న తర్వాతి ప్రశ్నకు ఆయన చెప్పిన కారణాలేవీ నేను చెప్పినవి కావు. అందుకే నిలబడ్డాయి.

ఆ ఊపులో రేపటినుంచే మానేస్తానన్నారు. ఆ కౌన్సెలరే ఆపారు. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే వణుకు, చెమటలు మొదలై, తొలి 2 రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 72 గంటల మధ్య మతి తప్పి కలవరించే స్థితి రావచ్చు. ప్రాణం మీదకి వచ్చే సంగతి అది. సైకియాట్రిస్టును నేరుగా కలవమని పట్టుబట్టారు. ఆసుపత్రిలో మందులు, విటమిన్ బీ1 ఇచ్చి, దగ్గరుండి చూసుకుని పంపారు. వీడియో కాల్‌లో ఎవరూ నాడి చూడలేరు. ఈ హద్దు చెప్పని సేవ ఏదైనా సరే, తాగుడు విషయంలో నమ్మకండి. ఆత్మహత్య ఆలోచనలున్నా, ఇంట్లో కొట్టడం ఉన్నా ఇది చాలదు.

ఇద్దరం కలిసి చేసిన సెషన్లు నన్ను నిరాశపరిచాయి. ఒకే ఫోన్ ముందు కూర్చుంటే ఒకరి మొహమే సరిగ్గా కనిపిస్తుంది. పైగా, మాట కటువుగా అనిపించగానే ఆయన కాల్ కట్ చేసేవారు. ఎదురుగా కూర్చున్న మనిషి ముందునుంచి లేచి వెళ్లిపోవడం అంత తేలిక కాదు కదా.

గోప్యత సంగతి కూడా చూసుకోండి. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ థెరపీ కంపెనీ తన వినియోగదారుల ఆరోగ్య సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి కంపెనీలతో పంచుకుందని అభియోగం మోపింది. 78 లక్షల డాలర్లు చెల్లించేలా ఒప్పందం కుదిరింది. చేరేముందు నేను రెండు విషయాలు అడిగాను: థెరపిస్టు అర్హత ఏమిటి, నా సెషన్ నోట్స్ ఎవరు చూస్తారు. సూటిగా జవాబు రాని చోట చేరలేదు.

ఇప్పుడు నా జీఏడీ స్కోరు 6. ఆయన మధ్యలో రెండుసార్లు జారారు, రెండుసార్లూ ఆ వారం సెషన్ మాత్రం మానలేదు. మా అబ్బాయికి ఇది నప్పలేదు. కెమెరా ఆపేసి "ఊ", "ఆ" అనేవాడు, ఇంట్లో ఉండి ఇంటి గురించి మాట్లాడలేనని చెప్పేశాడు. వాడికి ఎదురెదురుగా కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌ను వెతుకుతున్నాం.