ఆరేళ్ల ఐసీడీ, మా ఇంటి బోరు పైపు

ఛాతీలో ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే చిన్న మిషన్, పెట్టించుకుని ఆరేళ్లయింది. రెండో ఏడు అరసవల్లి గుడి క్యూలో కళ్లు బైర్లు కమ్మి కూలబడ్డప్పుడు షాక్ ఇచ్చి బతికించింది అదే. అప్పటి నుంచి అడిగినవాళ్లందరికీ "ఇది పొరపాటు పడదు" అని చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

పోయిన వానాకాలం, నరసన్నపేట దగ్గర మా ఊళ్లో, బోరు మోటారు వేసి తడి గచ్చు మీద నిలబడ్డాను. బకెట్ నిండేదాకా ఒక చెయ్యి ఇనుప పైపు మీదే ఉంది. ఉన్నట్టుండి ఛాతీలో గునపంతో పొడిచినట్టు దెబ్బ. కూలబడ్డాను. లేవడానికి మళ్లీ ఆ పైపునే ఆసరా చేసుకున్నాను. కాసేపట్లో రెండోది. మా ఆవిడ "వదిలేయండి!" అని అరుస్తూ మోటారు ఆపేసింది.

ఈసారి కళ్లు తిరగలేదు, దడ లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. లోపల లీడ్ (మిషన్ నుంచి గుండెకు పోయే వైరు) విరిగిందేమోనని టెన్షన్‌తో అప్పటికప్పుడే కారులో వైజాగ్ వెళ్లాం.

డాక్టరు గారు మిషన్‌లోని రికార్డు తీసి చూసి, నేను చెప్పకముందే అడిగారు: "ఆ టైములో ఏం పట్టుకున్నారు?" కాగితం మీద నా గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. దాని మీద రంపం పళ్లలా సన్నటి గీతలు, సెకనుకు 50. మన ఇళ్ల కరెంటు లెక్క అదే. పైపులోకి లీకైన కరెంటు తడి ఒంట్లోంచి పోతుంటే, మిషన్ దాన్ని ప్రాణం తీసే గుండె వణుకు అనుకుంది. మనిషికి జిల్లుమని కూడా తెలియనంత కరెంటే చాలట. ఆ పైపు మా ఇంట్లో ఎవరికీ ఎన్నడూ జిల్లుమనలేదు మరి. లీడ్ బాగానే ఉందన్నారు. పొరపాటు పడింది మిషనే, ఎందుకు పడిందో రాసి ఉంచిందీ అదే. ఆ రికార్డు లేకపోతే లీడ్ అనుమానంతో ఎన్ని పరీక్షలకు తిరిగేవాణ్ణో.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే మోటారు కేబుల్ జాయింటు దగ్గర టేపు ఊడిపోయింది, ఎర్త్ వైరు అసలు కలపలేదు. గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేసి ఎర్త్ ఇచ్చాడు. కరెంటు లీకైతే దానంతటదే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి కూడా పెట్టాడు.

నా కోపమల్లా ఒక్కటే. డిశ్చార్జి రోజున సెల్‌ఫోన్ జానెడు దూరంలో పెట్టుకోమన్నారు, వెల్డింగ్ దగ్గరికి పోవద్దన్నారు. బోరు మోటారు మాట ఎవరూ ఎత్తలేదు. పల్లెలో పొద్దున లేస్తే మేం ముందు ముట్టుకునేది ఆ పైపునే కదా!

నా గుండె బలహీనం, ఇది లేకుండా కుదరదు. బ్యాటరీ అయిపోతే మళ్లీ ఇదే పెట్టించుకుంటాను. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న ఇంట్లో ఉండేవాళ్లకి ఈ బాధ ఎప్పటికీ రాకపోవచ్చు. నేను మాత్రం ఇప్పటికీ మోటారు ఆపాకే ట్యాంకు నీళ్లు వాడుకుంటున్నాను. ఆ పైపు మీద చెయ్యి వెయ్యబుద్ధి కావడం లేదు.